కంగారు కాదు, కంగారూ!

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఒక్క దీర్ఘం వినపడకపోతే ఎంత గందరగోళం అవుతుందో, మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. మా అక్క కూతురికి నెలలు నిండకముందే కాన్పయింది. ముప్ఫైమూడు వారాలకే. ఆడపిల్ల. బరువు 1,620 గ్రాములు. మూడోనాడు పొద్దున సిస్టరమ్మ పిల్లల వార్డు తలుపు తీసి, "పాప తల్లి ఎవరమ్మా? కంగారూ చెయ్యాల, లోపలికి పంపండి" అని కేకేసింది. మా అక్కకు గుండె జారిపోయింది. "అయ్యో, ఏమొచ్చిందమ్మా అంత కంగారు!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వరండాలో ఉన్న నలుగురూ లేచి నిలబడ్డారు. నేనేమో రేడియోలో మాట్లాడేదాన్ని గదా, నాకు తెలియనిదంటూ ఉంటుందా! "ఊరుకో అక్కా, అదేదో పరీక్ష అయి ఉంటుంది" అన్నాను. మా ఇద్దరి తెలివీ ఒకటే.

ఆ తరువాత ఇరవైఒక్క రోజులు ఆ వరండాలోనే కాపురం చేశాను. ఆ సిస్టర్లు, ఆయమ్మలు, డాక్టరమ్మ, తరువాత ఇంటికి వచ్చిన ఆశ కార్యకర్త, ఏఎన్ఎమ్ అమ్మాయి చెప్పిన మాటలన్నీ విన్నాను. విన్నదాన్ని పుస్తకాల్లోని సంగతులతో సరిచూసుకుని ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

కంగారూ ఆస్ట్రేలియా జంతువని మనకు తెలుసు. దాని పిల్ల పుట్టినప్పుడు చిక్కుడుగింజంత ఉంటుంది, ఒక గ్రాము బరువు కూడా ఉండదు. అది ఎవరి సాయమూ లేకుండా పాకుకుంటూ పోయి తల్లి పొట్టమీది సంచిలో చేరి, చన్ను అందుకుని, దాదాపు ఆరు నెలల దాకా బయటికి తొంగి చూడదు. అంటే తల్లి కడుపులో పూర్తికావలసిన పని తల్లి ఒంటిమీద పూర్తవుతుందన్న మాట. మన అహోబిలం దారిలోనూ, మహానందిలోనూ కోతులు పిల్లల్ని పొట్టకు కరిపించుకుని చెట్లమీద దూకుతుంటే చూసి నవ్వుకుంటాం. మనిషి మాత్రం పుట్టిన బిడ్డను పక్కన పడుకోబెడతాడని ఆ డాక్టరమ్మ అంటే నాకు నిజమే అనిపించింది.

పద్ధతి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. బిడ్డకు లంగోటా, తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, అంతే. తల్లి రవికె ముందు గుండీలు విప్పుకుని వెనక్కి వాలి కూర్చుంటుంది. బిడ్డను నిలువుగా, తల్లి రెండు రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేట్టు ఆనిస్తారు. కాళ్ళూ చేతులూ కప్పపిల్లలాగ మడిచి ఉంటాయి. తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కాస్త పైకి ఉండాలి. గడ్డం ఎదకు ఒరిగిపోతే ఊపిరి ఆడదు. ఇది మాత్రం మరిచిపోకూడదు. ఆపైన మెత్తటి నూలు గుడ్డతో ఇద్దర్నీ కలిపి చుట్టి కడతారు. అదేపనిగా ఒక గంటకు తక్కువ కాకుండా పెట్టుకోవాలి. అరగంటకోసారి తీసి పెడితే బిడ్డ అలిసిపోతుంది గాని లాభం లేదు. ఎన్ని గంటలంటే, రోజుకు ఎనిమిది గంటల నుండి ఇరవైనాలుగు గంటల దాకా, ఎంత వీలైతే అంత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో చెప్పింది.

ఇంత చిన్న పని ఎందుకంత అవసరమో చెబుతాను. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. చర్మం పలుచన. ఒంటితో పోలిస్తే తల పెద్దది. వేడంతా తలలోంచి, తడి ఒంటిలోంచి పోతూ ఉంటుంది. వేడి పుట్టించుకోవడానికి ఆ పిడికెడు ప్రాణం తన దగ్గరున్న చక్కెరనూ, ప్రాణవాయువునూ ఖర్చు పెట్టేస్తుంది. ఇక బరువు పెరగడానికి మిగిలేదేముంది? చల్లబడిన బిడ్డ పాలు తాగదు, తాగని బిడ్డ ఇంకా చల్లబడుతుంది. గాజుపెట్టె గానీ, మీద వెలిగే వార్మరు గానీ ఈ వేడినే ఇస్తుంది. తల్లి ఒళ్ళు కూడా ఇస్తుంది. తల్లి ఒంటికి కరెంటు పోదు, పక్క బిడ్డతో పంచుకోవలసిన పనీ లేదు. పైగా అక్కడే పాలున్నాయి, గుండె చప్పుడు ఉంది. ఊపిరి మరిచిపోయే బిడ్డకు తల్లి ఎద కదలికే గుర్తు చేస్తూ ఉంటుంది.

దీన్ని మొదలుపెట్టింది ధనవంతుల దేశం కాదు. దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశముంది. దాని రాజధాని బొగోటాలో పేదవాళ్ళ ప్రసూతి ఆసుపత్రి. గాజుపెట్టెలు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్ళు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుని పోయేవాళ్ళు. తల్లుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు గనుక, బిడ్డల్ని వదిలేసి వెళ్ళిపోయిన తల్లులూ ఉన్నారట. 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు, మరుసటేడు ఆయనతో చేరిన హెక్టార్ మార్టినెజ్, పెట్టెలు లేకపోతే తల్లులున్నారు గదా అన్నారు. పెద్ద దేశాల డాక్టర్లు చాలాకాలం దీన్ని పేదవాళ్ళ ఉపాయంగానే చూశారు. ఇప్పుడు అన్ని యంత్రాలూ ఉన్న స్వీడన్ లాంటి దేశాల్లో కూడా తల్లీ తండ్రీ వంతులు వేసుకుని బిడ్డను ఎదమీద పెట్టుకుంటున్నారు. మన దేశంలో 1990ల నడుమ అహ్మదాబాదులో మొదలయింది. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఎలా చెయ్యాలో వివరంగా ఒక పుస్తకం వేసింది.

ఆ 2003 సంవత్సరం నాకు వేరే విధంగా గుర్తు. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను, చెబుతాను. ఆ ఏడే నాకు తొలికాన్పు. ఆళ్ళగడ్డలో మా పుట్టింట్లో ఉన్నాను. ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి. బిడ్డ పుట్టింది, ఏడ్చింది కూడా. చిన్నగా ఉంది, పెద్దాసుపత్రికి తీసుకుపోండన్నారు. 108 బళ్ళు అప్పటికి రాలేదు, అవి వచ్చింది 2005లో. మా మేనత్త బిడ్డను దూదిలో చుట్టి, ఆపైన దుప్పట్లో చుట్టి, జీపులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంద కిలోమీటర్లకు పైగా దారి. డిసెంబరు నెల, తెల్లవారుజాము. నన్ను మంచంమీదే ఉంచేశారు, పచ్చి బాలింత కదలకూడదని. అక్కడికి చేరేసరికి బిడ్డ కాళ్ళు చల్లగా అయిపోయాయని మా అత్త తరువాత ఎన్నేళ్ళకో చెప్పింది. రెండు రోజులుంది. నేను దాన్ని ఎత్తుకున్నది ఒక్కసారే, జీపు ఎక్కించేముందు.

ఎనిమిదో నెల బిడ్డ బతకదులే అని అందరూ ఓదార్చారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. మీలోనూ చాలామంది విని ఉంటారు. అది శుద్ధ తప్పమ్మా. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువుంటే బిడ్డకు అంత బలం. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటే అవకాశం ఎక్కువే. దుప్పటిలో చుట్టేదానికి బదులు మా అత్త బిడ్డను తన ఎదకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళకూ అప్పటికి ఎవరూ చెప్పలేదేమో. ఇప్పుడైతే, ఊరినుంచి ఊరికి బిడ్డను తరలించేటప్పుడు కూడా, వేరే ఏర్పాటు లేకపోతే ఒంటికి ఆనించుకునే తీసుకుపొమ్మంటున్నారు.

సరే, మళ్ళీ మన వరండాకు వద్దాం.

అంత మంచిదైతే అన్ని ఆసుపత్రుల్లోనూ పూర్తిగా ఎందుకు జరగడం లేదని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. ఒక్కొక్కరి జవాబు ఒక్కో రకంగా ఉంది. ఎవరినీ తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

రాత్రి డ్యూటీ చేసే సిస్టరొకామె, పాతికేళ్ళు ఉంటాయేమో, మొహమాటం లేకుండా చెప్పింది. "అక్కా, ట్రైనింగులో బొమ్మతో చేయించినారు. బొమ్మకు సూది ఉండదు, గొట్టం ఉండదు. ఇక్కడ బిడ్డ చేతికి సెలైన్ సూది, ముక్కులో పాల గొట్టం. తల్లికి ఇచ్చేటప్పుడు అది ఊడొచ్చిందనుకో, ఆ సన్నటి నరం మళ్ళీ దొరకదు. పొద్దున నన్నే అడుగుతారు." ఈ భయం ఆమె ఒక్కతెదే కాదు. చాలా దేశాల్లో ఆరోగ్య సిబ్బందిని అడిగి రాసిన అధ్యయనాల్లోనూ ఇదే మాట మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. భయపడే మనిషిని చేయలేదని కోప్పడితే ఇంకా భయపడుతుంది. పక్కన నిలబడి రెండుసార్లు చేయిస్తే భయం పోతుంది. అట్లా చేయించే పెద్ద సిస్టరు ఆ వార్డులో ఉండటం ఆ పిల్ల అదృష్టం.

ఆ పెద్ద సిస్టరు సంగతి వేరు. ఇరవయ్యేళ్ళ సర్వీసు. మొదట్లో తనకూ నమ్మకం లేదట. "వార్మర్లు తెప్పించమంటే తల్లుల్ని తెచ్చుకోమంటున్నారే, డబ్బులు మిగుల్చుకునేదానికి ఈ వేషం అనుకున్నా" అని నవ్వింది. మనసెట్లా మారింది సిస్టర్ అంటే, "త్రాసు మార్చింది" అంది. పొద్దున్నే బరువు చూసేటప్పుడు, కంగారూ చేసే తల్లుల బిడ్డలు పది గ్రాములు, ఇరవై గ్రాములు ముందుంటున్నారని ఆమె కనిపెట్టింది. ఆ తల్లులకు పాలు కూడా బాగా పడుతున్నాయి. బిడ్డ ఒంటిమీద ఉంటే పాలు పొంగుతాయని మన జేజమ్మలకు తెలియని సంగతా?

పని పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద సిస్టర్లలో రెండు పక్షాలున్నాయి. ఒకరేమో, ప్రతి తల్లికీ విప్పి చెప్పాలి, కూర్చోబెట్టాలి, చుట్టాలి, మధ్యలో చూడాలి, ఆపైన రిజిస్టరు రాయాలి, ఉన్న ఇద్దరం ఎంతమందికి చేస్తాం అంటారు. ఇంకొకరేమో, మొదటి రెండు రోజులే కష్టం, ఆ తరువాత తల్లే నర్సవుతుంది, బిడ్డ రంగు మారినా, ఊపిరి ఆగినా మనకంటే ముందు ఆమెకే తెలుస్తుందంటారు. నాకు చూడగా ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మనుషులు చాలినచోట రెండోమాట నిజం, చాలనిచోట మొదటిమాట నిజం. రిజిస్టరు సంగతి కూడా ఒకామె గొంతు తగ్గించి చెప్పింది. "ఎన్ని గంటలు అనే గడి ఖాళీగా ఉండకూడదు గదమ్మా" అని. అంతకంటే నేను గుచ్చి అడగలేదు.

ఇంకొక భయం అంటువ్యాధులది. బయటినుంచి వచ్చే ఆడవాళ్ళ చీరలు, చేతులు శుభ్రంగా ఉండవని పాతకాలపు డాక్టర్లు తల్లుల్ని గుమ్మం బయటే ఆపేవారు. మా వార్డులోనూ ఒక ఆయమ్మ తల్లుల్ని చూస్తే చాలు కసురుకునేది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఉతికిన గౌను వేసుకుని వెళ్ళే తల్లివల్ల బిడ్డకు జబ్బులు పెరగవు, తగ్గుతాయి. తల్లి ఒంటిమీది సూక్ష్మజీవులు బిడ్డకు అలవాటైనవి, ఆసుపత్రివే మొండివి. 2017లో కేంద్ర ప్రభుత్వం, ఇంటివాళ్ళకు నేర్పి పిల్లల వార్డులోకి రానివ్వమని మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అంతకుముందు 2014లోనే కంగారూ పద్ధతికి వేరే గది, వాలుకుర్చీలు, తెర ఉండాలని రాసింది. రాసిన కాగితం ఎక్కడైనా ఒకటే, గదులే ఒకటి కాదు.

తెర అంటే గుర్తొచ్చింది. డాక్టర్లు మరిచిపోయే సంగతి ఇదే, ఆయమ్మలు మరిచిపోనిది ఇదే. తల్లి రవికె విప్పి కూర్చోవాలి. పక్కనే సెలైన్ సీసా మార్చే మగమనిషి, కిటికీ అవతల ఎవరిదో అన్న. పల్లెనుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్ల ఎట్లా కూర్చుంటుంది? కొంగు చుట్టుకుని ముడుచుకుంటుంది. సిస్టరు వచ్చి, "ఈమెకు బిడ్డమీద శ్రద్ధ లేదు" అనుకుంటుంది. మా అక్క కూతురే రెండు రోజులు అట్లా ముడుచుకుంది. పెద్ద సిస్టరు పాత దుప్పటి ఒకటి తాడుకు వేలాడదీసిన తరువాత గంట కాదు, మూడు గంటలు కదలలేదు. ఆపరేషను కాన్పు అయినవాళ్ళ బాధ ఇంకొకటి. కుట్లు లాగుతుంటే నిటారుగా ఉన్న ఇనుప స్టూలుమీద ఎంతసేపని కూర్చుంటారు? వెనక్కి వాలే కుర్చీ, నాలుగు దిండ్లు. ఈ వైద్యానికి కావలసిన పరికరాలు ఇవే. సిస్టర్లు అందరూ ఏకమై చెప్పిన మాట కూడా ఇదొక్కటే.

డాక్టరమ్మతో మాట్లాడటానికి ఒకరోజు సాయంత్రం వీలు చిక్కింది. మూడోనాటి దాకా ఎందుకు ఆగారమ్మా అని అడిగాను. బిడ్డ నిలదొక్కుకున్నాకే తల్లికి ఇవ్వడం పాత పద్ధతి, ఇప్పుడది మారుతోందని ఆమె ఒక సంగతి చెప్పింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోనూ, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రుల్లోనూ కలిపి ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఒక కిలోకూ 1,800 గ్రాములకూ మధ్య పుట్టిన మూడువేలమందికి పైగా పిల్లలు. సగంమందికి పాతపద్ధతిలో నిలదొక్కుకున్నాక కంగారూ, మిగతా సగంమందికి పుట్టిన వెంటనే. తల్లిని కూడా పిల్లల ఐసీయూలోనే మంచం వేసి ఉంచారు. ఆ పిల్లలు రోజుకు దాదాపు పదిహేడు గంటలు ఎదమీదే ఉన్నారు. నెలలోపల పోయిన పిల్లలు పాతపద్ధతిలో నూటికి దాదాపు పదహారుగురు, కొత్తపద్ధతిలో పన్నెండుగురు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో, ఇక సగంమందికి ఆలస్యం చెయ్యడం న్యాయం కాదని అధ్యయనాన్ని ముందే ఆపేశారు. 2021లో అది అచ్చయింది. మరుసటేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఊపిరి తనంతట తీసుకోలేని బిడ్డ, షాకులో ఉన్న బిడ్డ వంటివారికి తప్ప తక్కినవారికి పుట్టిన వెంటనే మొదలుపెట్టమంది.

"మరి మీరెందుకు చేయటంలేదమ్మా?" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "తల్లి మంచం పట్టేంత జాగా పిల్లల వార్డులో ఎక్కడుందో మీరే చూపించండి" అంది. చూశాను. నిజంగానే లేదు. కాన్పు వార్డు ఒక అంతస్తు, పిల్లల వార్డు ఇంకొక అంతస్తు. కట్టేటప్పుడే తల్లినీ బిడ్డనూ వేరుచేసి కట్టారు. నంద్యాల 2022లో జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇకమీద మన జిల్లాలో కట్టే కట్టడాల్లోనైనా తల్లికి ఒక మంచం బిడ్డ పక్కన పడుతుందా అని నాకు ఆశ.

ఇంటికొచ్చాక కథ ఇంకో తీరు. బరువు 1,800 దాటాక పంపించారు. కాన్పు ఆసుపత్రిలో జరిగితే మూడోరోజు మొదలు నలభైరెండో రోజు దాకా ఆరుసార్లు ఆశ కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. మా ఇంటికొచ్చిన ఆశమ్మ గట్టి మనిషి. థర్మామీటరు, త్రాసు సంచిలో పెట్టుకుని వచ్చేది. ఆమె ఫిర్యాదు ఆసుపత్రులమీద కాదు, మనమీదే. "అత్తలే అమ్మా నాకు అడ్డం. కోడలు పగలంతా బిడ్డను ఎదమీదేసుకుని పడుకుంటే పనెవరు చేస్తారంటారు. వాళ్ళని ఎట్లా ఒప్పించాల్నో నాకు ఎవరూ ట్రైనింగ్ ఇయ్యలే" అంది.

మా వియ్యపురాలు వదినె కూడా మొదట అట్లాగే అంది. పురుడు తీరలేదు, మైల అంది. ఎత్తుకునే అలవాటు చేస్తే బిడ్డ కింద దిగదంది. ఒంటికి ఆముదం రాసి, తలకు పోసి, సాంబ్రాణి పొగ వేస్తే చాలునంది. ఆ స్నానమే వద్దని ఆశమ్మ చెప్పింది. ఇంత చిన్నబిడ్డకు స్నానం చేయిస్తే నిమిషాల్లో చల్లబడిపోతుంది. గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే చాలు. బరువు రెండు, రెండున్నర కిలోలకు వచ్చాక ఎన్ని నీళ్ళైనా పోసుకోవచ్చు. వదినె ఒప్పుకున్నది మాటలతో కాదు. ఒకరోజు కోడలు భోజనానికి కూర్చుంటే, ఆశమ్మ బిడ్డను తెచ్చి వదినె ఎదమీదే పెట్టి కట్టేసింది. అయిదు నిమిషాలకు ఆ బిడ్డ గుక్కపట్టడం మాని, వేలు పట్టుకుని నిద్రపోయింది. "ఇది నన్ను గుర్తుపట్టింది" అంది వదినె. ఆ తరువాత కోడలి వంతు తగ్గిపోయిందని మనం పంచాయితీ చెయ్యవలసి వచ్చింది!

తండ్రులు కూడా చేయవచ్చు. మా అల్లుడు ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పనిలో ఉన్నాడు. ఆసుపత్రిలో మగవాళ్ళను రానివ్వలేదు గాని, ఇంటికి రాగానే రాళ్ళ దుమ్మంతా పోయేట్టు స్నానం చేసి రాత్రి పదినుంచి రెండింటి దాకా అతనే పెట్టుకునేవాడు. ఆ గంటలు తల్లికి నిద్ర. రోజంతా ఉలి పట్టిన చేతులు ఆ బిడ్డను పట్టుకునేటప్పుడు వణికేవి. అతనికి నిద్రముంచుకొస్తే మాత్రం బిడ్డను తల్లికి ఇచ్చెయ్యమని గట్టిగా చెప్పాం. పట్టుకున్నవాళ్ళు ఒత్తిగిలి బిడ్డమీద పడకూడదు, మెత్తటి సోఫాల్లో కునుకు తియ్యకూడదు.

మీరందరూ అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. నంద్యాల ఎండల్లో ఒంటికి ఒళ్ళు ఎట్లాగమ్మా అని. ఏఎన్ఎమ్ అమ్మాయి కూడా, ఏప్రిల్ మే నెలల్లో తల్లులు తనమాట వినరని చెప్పింది. నలభైనాలుగు డిగ్రీల ఎండలో ఆమెకైనా వినాలనిపించదు. కాని ఎండాకాలంలోనూ చిన్నబిడ్డ రాత్రిళ్ళు, కూలరు గాలికి చల్లబడుతుంది. పద్ధతి మానక్కరలేదు, పై గుడ్డలు తగ్గించాలి. ఒక్క పలుచటి నూలు గుడ్డ చాలు. ఇల్లు మరీ ఉడికిపోతుంటే టోపీ తీసెయ్యవచ్చు. ఫ్యాను తిరగవచ్చు, గాలి సూటిగా బిడ్డమీదికి కొట్టకూడదు. తల్లి నీళ్ళు, మజ్జిగ బాగా తాగాలి. బిడ్డకు మాత్రం తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు.

బిడ్డ వేడిగా ఉందో చల్లగా ఉందో తెలుసుకోవడానికి థర్మామీటరు లేకపోయినా చేతి వెనకభాగంతో చూడవచ్చు. పొట్టా పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే సరి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోంది, వెంటనే ఎదకు కట్టుకోండి. రెండూ చల్లగా ఉంటే కట్టుకుని అట్లాగే ఆసుపత్రికి బయలుదేరండి. థర్మామీటరు ఉంటే చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నిమిషానికి అరవై, అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగడం మానినా, మూర్ఛ వచ్చినా, అరిచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా ఇంట్లో మందులు చెయ్యవద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన పసిబిడ్డకు ఏడాది నిండేదాకా వైద్యం, మందులు, రాకపోకల బండి అన్నీ ఉచితమే.

పాల సంగతి ఒక మాట. ముప్ఫైనాలుగు వారాలు దాటని బిడ్డకు సాధారణంగా చన్ను చీకే ఓపిక ఉండదు. చీకలేదని డబ్బాపాలు, సీసా మొదలుపెట్టకండి. పాలు చేత్తో పిండి, మన ఉగ్గుగిన్నెతో, బిడ్డను తల ఎత్తి పట్టుకుని, పెదవి చివర కొద్దికొద్దిగా పొయ్యాలి. రెండు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా. మా జేజి ఇత్తడి ఉగ్గుగిన్నె అటకమీద నుండి దించాను, కాని సిస్టరు ఒప్పుకోలేదు. ఆవిరిలో ఉడికించడానికి వీలైన స్టీలుదే కావాలంది. ఆ ఉగ్గుగిన్నె ఇప్పుడు మా అక్క షోకేసులో ఉంది.

ఎన్నాళ్ళు చెయ్యాలంటే బిడ్డే చెబుతుంది. రెండున్నర కిలోల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు తన్నుతుంది, చేతులు బయటికి లాక్కుంటుంది, ఏడుస్తుంది. సంచిలో చోటు చాలలేదన్న మాట. మా పాప రెండో నెల దాటాక ఒక మధ్యాహ్నం కట్టు విప్పమని అంత గొడవా చేసింది. తల్లి విప్పి పక్కన పడుకోబెట్టింది. కాసేపు అందరం దాని చుట్టూ కూర్చుని చూస్తూ ఉండిపోయాం. నేను దాని పాదాలు పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉన్నాయి.

పోయిన నెల ఆ పెద్ద సిస్టరును చూడటానికి వెళ్ళాను. పాత నూలు చీరలుంటే పంపమంది. సిల్కువి, సింథటిక్‌వి వద్దట, నేతవి, బాగా ఉతికి మెత్తబడ్డవి. ఒక్క చీరతో రెండు కట్టుగుడ్డలు వస్తాయట. మీ పెట్టెల అడుగున ఉన్న చీరలు ఒకసారి చూడండి. మీకు దగ్గర్లో ఉన్న పిల్లల వార్డులో అడిగి, ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. నావి ఎనిమిది దొరికాయి.